ఉప్పు అసిరమ్మ ఉంచిన చోటు

ఊ కొట్టేవాళ్ళుంటేనే కథ. మధ్యలో కునికారంటే అక్కడికక్కడే ఆపేస్తాను, తర్వాత నన్ననొద్దు.

అనగనగా ఒక సంత ఊరు. ఎప్పుడని అడక్కండి. రైలు రాకముందు, రోడ్డు పడకముందు, మా తాతకి మీసం రాకముందు. ఊరి పేరు నేరేళ్ళసంత. ఆదివారం వస్తే చుట్టుపక్కల పల్లెలన్నీ అక్కడే ఉంటాయి. బెల్లం ఒక వరస, మిరపకాయలు ఒక వరస, చింతపండూ ఉప్పూ ఒక వరస. సంత చివర ప్రహరీ గోడ. గోడ వెనక దొరల గుడి. దొరలు ఓడల్లో వచ్చినప్పుడు కట్టుకున్నది. గంట వేలాడే ఎత్తు గోపురం, గానుగ సున్నం గోడలు, రంగు అద్దాల కిటికీలు. ఆదివారం లోపల వాళ్ళు పాడతారు, బయట వీళ్ళు అరుస్తారు. ఎవరి గోల వాళ్ళది.

ఆ సంతలో అసిరమ్మ అని ఒకత్తె ఉప్పు అమ్మేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక తట్ట, ఒక సోల, ఒక చోటు. అది అలాంటిలాంటి చోటు కాదు. వాళ్ళ అమ్మమ్మ కూర్చున్న చోటు, వాళ్ళమ్మ కూర్చున్న చోటు, తను కూర్చున్న చోటు. చింతపండు వరస మొదట్లో మూరెడు మెరక. ఉప్పమ్మేవాళ్ళకి మెరకే ప్రాణం. పల్లంలో కూర్చుంటే ఒక్క వానకి సరుకంతా కరిగి కాలవలో పోతుంది.

ఇక్కడ సంత కట్టుబాటు ఒకటి చెప్పాలి. చెవులిటు పెట్టండి. మనిషి రాకపోతే ఒక సంత చూస్తారు, రెండు సంతలు చూస్తారు, మూడో సంతకి ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. జ్వరమో పురుడో వచ్చి రాలేదనుకోండి, పక్కనున్నవాళ్ళు ఆ చోట్లో ఒక రాయి పెడతారు. పెట్టి, పదిమందికీ వినబడేట్టు ఒక మాటంటారు.

"చోటున్నాది, మనిషొస్తాది!"

అంతే. ఇంక ఆ చోట్లో రాజొచ్చినా కూర్చోడు.

అసిరమ్మ దగ్గరికి వారం వారం ఒక దొరసాని వచ్చేది. ముసలిది, విధవరాలు, ఎప్పుడూ నీలం గొడుగు. సంతలో అందరూ గొడుగు దొరసాని అనేవారు. ఇంట్లో బట్లరు ఉండగా ఆవిడే వచ్చి ఉప్పు కొనడమేంటో ఎవరికీ అర్థం కాదు. ఆవిడ మాట దీనికి రాదు, దీని మాట ఆవిడకి రాదు. వచ్చి, ఒక రవ్వ ఉప్పు నాలిక మీద వేసుకుని మొహం వికారంగా పెట్టేది. అసిరమ్మా అలాగే పెట్టేది. ఇద్దరూ పకపకా నవ్వుకునేవారు. ఇంతే వాళ్ళ స్నేహం. ఏళ్ళ తరబడి ఇంతే.

ఒకసారి అసిరమ్మకి చలిజ్వరం పట్టింది. ఒక సంత పోయింది, రెండు సంతలు పోయాయి. పక్కన చింతపండు అమ్మే పోలమ్మ రాయి పెట్టి కాపాడింది. మూడో సంతకి పోలమ్మ కూతురికి పురుడొచ్చి అదీ వెళ్ళిపోయింది. రాయిని ఏ ఎద్దో తన్నేసింది. సంతపెద్ద గున్నయ్య ఉన్నాడే, పులుసులో ముక్క లెక్కపెట్టే రకం, వచ్చి చూశాడు. రాయి లేదు, మనిషి లేదు. ఇంకొకత్తెని పిలిచి కూర్చోమన్నాడు. సరిగ్గా అప్పుడొచ్చింది గొడుగు దొరసాని. చూసింది. వెళ్ళి ఆ మెరక మీద గొడుగేసుకుని నిలబడింది. పొద్దున్నించి బళ్ళు కట్టేదాకా నిలబడింది. గున్నయ్య వచ్చినప్పుడల్లా ఒకటే మాట.

"చోట్ ఉన్నాడీ, మనిష్ వస్తాడీ!"

పోలమ్మ నోట వినీ వినీ పట్టిన తెలుగు అదొక్కటే. సంతంతా పడీ పడీ నవ్వింది. నవ్వారు గానీ, చోటు మాత్రం నిలిచింది. జ్వరం తగ్గాక ఈ సంగతి విని అసిరమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. కన్నతల్లి పోయాక తన కోసం ఎండలో నిలబడ్డ మనిషి ఇంకెవరున్నారు?

అలా కొన్నాళ్ళు గడిచాయి. ఒక సంతకి గొడుగు దొరసాని రాలేదు. రెండో సంతకీ రాలేదు. మూడో సంత పొద్దున్నే అసిరమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని అడగడానికి బయల్దేరింది.

బట్లరుని అడిగింది. అతను తల దించుకుని, "బంగళాలో లేదమ్మా," అన్నాడు.

చాకలి పెంటయ్యని అడిగింది. "బట్టలు రావటం లేదమ్మా," అన్నాడు.

తోటమాలిని అడిగింది. "దొరల గుడిలో ఉన్నాది, ఎల్లి చూసుకో," అన్నాడు.

మీకు తెలిసిపోయిందా? తెలిస్తే నోరు మూసుకోండి, దానికింకా తెలీదు. తెలిసినవాళ్ళు దానికి చెప్పలేదు. ఎందుకంటే సంత రోజున ఎవరూ చావు మాట ఎత్తరు. ఎత్తితే ఆ రోజు బేరం లేవదని అక్కడి నమ్మకం. అందుకని ముగ్గురూ మాట తిప్పారు.

సరే, దొరల గుడికి వెళ్ళింది. ఓరి నాయనో, ఇంక అక్కడ మొదలైంది దాని అవస్థ. గుమ్మంలో ఒక్క చెప్పు లేదు. దొరలు బూట్లతోనే లోపలికి పోతున్నారు, టోపీలు మాత్రం తీస్తున్నారు. "కాళ్ళవి ఉంచేసి నెత్తినున్నవి తీసేస్తారేటమ్మా!" అనుకుంది. పోనీ ఊరితోపాటు మనమూ అని, నెత్తినున్న తట్ట తీసి గుమ్మం పక్కన దించింది.

లోపల దేవుడేడీ? ఎదర ఒక బల్ల, దాని మీద తెల్లగుడ్డ, రెండు కొవ్వొత్తులు. చుట్టూ తిరిగి ప్రదక్షిణ చేద్దామంటే దారి లేదు. తీర్థం లేదు, హారతి లేదు. దండం ఎటు పెట్టాలో తెలీక నాలుగు పక్కలా తలో దండం పెట్టింది. అంతలో అందరూ లేచారు. ఇదీ నిలబడింది. అందరూ కూర్చున్నారు. ఇది కూర్చునేసరికి అందరూ మోకాళ్ళ మీద పడ్డారు. ఇది మోకాళ్ళ మీద పడేసరికి అందరూ లేచి పాడుతున్నారు. "ఈళ్ళకే తెలీదు కాబోలు ఏటి సెయ్యాలో," అనుకుంది పాపం.

అప్పుడు చూసింది బల్లలు. వరసలు వరసలుగా, ఒక్కో బల్లకి ఒక్కో బుల్లి తలుపు. ఎవరి తలుపు వాళ్ళు తీసుకుని ఎవరి చోట్లో వాళ్ళు కూర్చుంటున్నారు. ఒకరి చోట్లోకి ఒకరు పోవటం లేదు. అది చూశాక దాని ప్రాణం కుదుటపడింది.

"ఓస్! ఇదీ సంతే!"

మొదటి వరసలో ఒక బల్ల ఖాళీగా ఉంది. ఆ బల్లకి ఆనించి నీలం గొడుగు.

గొడుగుంది, మనిషి లేదు. ఎంత జ్వరం వచ్చిందో ఏమో! పైగా చోట్లో రాయి లేదు. ఇంతమంది పక్కన కూర్చున్నారు, ఒక్కరికి రాయి పెట్టాలని తోచలేదా? పాట అయ్యేదాకా ఉండి, గంట కొట్టే తిమోతిని పట్టుకుంది.

"గొడుగు దొరసానమ్మ రాలేదేటి బాబూ?"

తిమోతీ ఆ సంత ఊళ్ళో పుట్టినవాడే. ఆదివారం పూట ఆ మాట అతని నోట మాత్రం ఎలా వస్తుంది? "ఇయ్యాల రాదమ్మా," అని నసిగాడు. "మూడో ఆదివారం నుంచి ఆ బల్ల కొత్త జడ్జీ దొరసానికి ఇస్తారంట."

మూడో ఆదివారం! అసిరమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. అదే కట్టుబాటు! గబగబా బయటికి పోయి, ఒక నున్నటి రాయి ఏరి, కడిగి తెచ్చి బల్ల మీద పెట్టింది. "చోటున్నాది, మనిషొస్తాది!" అని గట్టిగా అంది. గోపురం మళ్ళీ ఆ మాట అంది. అది విని దానికి కాస్త ధైర్యం వచ్చింది. అయితే ఇదంతా అయ్యేసరికి బయట సంత చెదిరిపోయింది. తన చోట్లో తట్ట దించని సంత రాని సంత కిందే లెక్క. గున్నయ్య ఒక వేలు ముడిచి చూపించాడు.

రెండో ఆదివారం నేరుగా గుడికి వెళ్ళి చూసింది. రాయి లేదు! తిమోతి తుడుస్తూ తుడుస్తూ చెత్తలో పారేశాడు. "నీకేటైనాదయ్యా, చోటురాయి పారేస్తావా?" అని వాడి మీద పడింది. చోటురాయంటే ఏంటో గుళ్ళో ఎవరికి తెలుసు? రాయికి విలువ లేని చోట ఇంక మనిషే ఉండాలి. ఆవిడ నాకోసం నిలబడలేదా? బుల్లి తలుపు తీసుకుని, వెళ్ళి బల్ల మీద కూర్చుంది. చేతిలో గొడుగు పట్టుకుంది.

దొరలు గుసగుసలాడారు. నల్లవాళ్ళకి వెనక చాప వేసి ఉంది, మొదటి వరసలో ఈ ఉప్పుమనిషేంటి అని వాళ్ళకి అయోమయం. వీళ్ళెందుకు ఇలా చూస్తున్నారని దానికి అయోమయం. పాదిరి దొర చెప్పాల్సింది మర్చిపోయి చెప్పిందే రెండుసార్లు చెప్పాడు. అలా రెండో సంతా పోయింది. గున్నయ్య రెండో వేలు ముడిచాడు.

ఆ సాయంత్రం పోలమ్మ దాని జబ్బ పట్టుకుని ఊపింది. ఇద్దరివీ దూరపు పల్లెలే, దొరసాని సంగతి పోలమ్మకీ తెలీదు. "ఒలే అసిరీ, నీకు మతి పోనాదేటే? ఇంకొక్క సంత నువ్వు రాకపోతే మెరక పోద్ది. మీ అమ్మ చోటే!"

"నువ్వు రాయి పెట్టవేటే?"

గున్నయ్య వింటున్నాడు. "రాయి రోగానికి, పురిటికి, మైలకి. షికార్లకి రాయి చెల్లదు," అన్నాడు.

అసిరమ్మ ఆరు రోజులు తిండి సరిగా తినలేదు. ఇటు చూస్తే అమ్మ చోటు. అటు చూస్తే ఆవిడ చోటు. ఇది పోతే రేపు బతకడం ఎలా? అది పోతే మొహం ఎలా చూపించడం? ఎంత ఆలోచించినా తెగలేదు. ఆదివారం పొద్దున్న తట్ట ఎత్తుకుని బయల్దేరింది. మెరక దాకా వచ్చింది. ఆగింది. చీర చెంగుతో మెరక మీద దుమ్ము తుడిచింది. తుడిచి, ఏడుస్తూ గుళ్ళోకి నడిచింది.

గంట మోగింది. కొత్త జడ్జీ దొరసాని గౌను ఫెళఫెళలాడించుకుంటూ మొదటి వరసకి వచ్చింది. చూస్తే ఏముంది, తన బల్లలో ఉప్పు తట్ట మనిషి, ఒళ్ళో గొడుగు. దొరసాని ఎర్రబడింది. తిమోతికి చెమటలు పట్టాయి. పాట ఆగిపోయింది. పాదిరి దొర దిగి వచ్చాడు. ఆయన పుస్తకాల్లో తెలుగు నేర్చుకున్నవాడు. మాట్లాడితే పురాణం చదువుతున్నట్టుండేది.

"అమ్మా, నీవు ఇచ్చట ఏల కూర్చుంటివి?"

"చోటు కాస్తన్నాను బాబూ. గొడుగు దొరసానమ్మది."

ఆయనకి సంత నమ్మకాలు ఏం తెలుసు? ఉన్నమాట అనేశాడు. "ఆ స్త్రీ మరణించెను. మాసము దాటినది. నీ పాదముల యొద్దనున్న రాతిక్రింద ఆమెను ఉంచితిమి."

అసిరమ్మ కిందికి చూసింది. బల్ల పక్కన కొత్త బండ, అంచుల సున్నం ఇంకా తెల్లగా ఉంది. బండ మీద ఏవో అక్షరాలు. మూడు వారాలుగా దాని కాళ్ళు ఆ బండ మీదే ఉన్నాయి.

"ఓలమ్మో!" అని కాళ్ళు పైకి లాక్కుంది. "నిన్నే తొక్కుతున్నానా నా తల్లీ! నిన్ను ఎతకడానికొచ్చి నిన్నే తొక్కుతున్నానా!"

ఆ ఏడుపుకి రంగు అద్దాలు అదిరాయి. ఏడ్చి ఏడ్చి, ముక్కు చీది, గొడుగు బల్లకి ఆనించి లేచింది. ఇంకేముంది, మనిషే లేనప్పుడు చోటెవరికి? తలుపు తీసుకుని బయటికి అడుగు పెట్టింది. జడ్జీ దొరసాని గౌను సర్దుకుంది.

పాదిరి దొరకి జాలేసింది. ఓదార్చాలని ఒక మాటన్నాడు. "దుఃఖపడకుము. మృతులైన వారందరు ఒక దినమున లేచి వచ్చెదరు. ఆమెయు వచ్చును."

అసిరమ్మ ఆగింది. మొహమంతా అయోమయం.

"మళ్ళీ వొస్తాదా?"

"వచ్చును."

"ఒట్టి మాట కాదు గదా? నిజంగా వొస్తాదా?"

"నిజముగా వచ్చును. మా విశ్వాసమే అది."

"ఎప్పుడొస్తాది?"

"ఆ దినము ఎవరికిని తెలియదు."

అసిరమ్మ కళ్ళు తుడుచుకుంది. వెనక్కి తిరిగింది. బండని తొక్కకుండా చుట్టూ వెళ్ళి, మళ్ళీ ఆ బల్ల మీదే కూర్చుంది.

"అయితే చోటు ఎలగిచ్చేస్తారు బాబూ? రేపొస్తాదో ఎల్లుండొస్తాదో మీకే తెలీదన్నారు. రాదని సెప్పండి, ఇప్పుడే లేచిపోతాను. వొస్తాదంటే చోటుంచండి. వొచ్చిన మనిషి ఎక్కడ కూకుంటాది?"

పాదిరి దొర ఇరుక్కున్నాడు. ఏం చెప్తాడు? రాదంటే ఆయన చదివిన పుస్తకం అబద్ధం. వస్తుందంటే బల్ల ఖాళీగా ఉండాలి. అటు దొరసానిని చూశాడు, ఇటు దీన్ని చూశాడు, కింద బండని చూశాడు. ముప్పై ఏళ్ళు ఆ మాట చెప్పినవాడు, ఆ మాట నమ్మి చోటుంచమన్న మనిషిని అప్పుడే మొదటిసారి చూశాడట. చివరికి జడ్జీ దొరసాని చెవిలో ఏదో అన్నాడు. ఆవిడా ఒకసారి బండ వైపు చూసింది. ఆ తర్వాత గౌను ఎత్తుకుని వెనక వరసలోకి వెళ్ళి కూర్చుంది.

అసిరమ్మ చెంగు ముడి విప్పి, ఇంకో రాయి తీసి బల్ల మీద పెట్టింది. "చోటున్నాది, మనిషొస్తాది," అంది. ఈసారి మెల్లిగా అంది. తిమోతి వైపు వేలు చూపించి, "తుడిస్తే చుట్టూ తుడు," అని చెప్పి బయటికి వచ్చింది.

బయట మెరక మీద మిరపకాయల సిమ్మన్న కూర్చుని ఉన్నాడు. పోలమ్మ గున్నయ్యని నోటికొచ్చినట్టు తిడుతోంది, గున్నయ్య మూడో వేలు ముడిచి చూపిస్తున్నాడు. అసిరమ్మ తట్ట నెత్తికెత్తుకుంది. కట్టుబాటు కట్టుబాటే కదా. వెనక్కి వెళ్ళి గుడి గేటు బయట మెట్ల మీద చతికిలబడింది. తట్ట పక్కన దించుకుని, అమ్మని తలుచుకుని ఏడ్చింది. అలా ఏడుస్తుంటే ఎవరో వచ్చి, "సోలెడు ఉప్పియ్యి," అన్నారు.

అక్కడే ఉండిపోయింది. మొదటి ఏడాది బేరం సగం కూడా లేదు. ఉప్పు కోసం సంత చివరదాకా ఎవరొస్తారు? ఒకటి మాత్రం బాగుంది. మెట్టు ఎత్తు. వానొస్తే నీరు కిందనుంచి పోయేది, పెద్దవానైతే తిమోతి తట్ట లోపలికి అందుకునేవాడు. రాను రాను మిగతా ఉప్పువాళ్ళు కూడా ఒకరి వెనక ఒకరు ఆ గోడవారకి చేరారు. ఇవాళ్టికీ నేరేళ్ళసంతలో ఉప్పు వరస దొరల గుడి గోడ పక్కనే ఉంటుంది.

ప్రతి ఆదివారం తట్ట దించగానే అసిరమ్మ లోపలికి వెళ్ళేది. రాయి ఉందో లేదో చూసుకుని, మాట అనేసి వచ్చేది. అది వాళ్ళ మతంలో కలిసిందని కొందరంటారు. లేదు, ఇంటి దగ్గర అసిరితల్లికే దీపం పెట్టుకునేదని కొందరంటారు. రెండూ చేసేదని మా మేనత్త అనేది. ఏది నిజమో నన్నడిగితే నేనేం చెప్తాను? నాకూ అయోమయమే.

చివరికి అసిరమ్మా పోయింది. ఆ తర్వాతి ఆదివారం మెట్టు ఖాళీగా ఉంది. ఎవరో తట్ట దించబోయారు. అప్పటికి పోలమ్మ నడుం వంగిపోయి కర్ర మీద నడుస్తోంది. టకటకా వచ్చి, మెట్టు మీద ఒక రాయి పెట్టింది.

"చోటున్నాది, మనిషొస్తాది!"

గున్నయ్యా ముసలాడైపోయాడు. అయినా నోరు తగ్గలేదు. "సచ్చినోళ్ళకి రాయి చెల్లదే పోలీ," అని వేలు ముడిచాడు.

"ఎందుకు చెల్లదు? లోపల చెల్లింది కాదేటి? ఎల్లి పాదిరి దొరని అడుగు, వొస్తాదంట!"

గున్నయ్య గుడి వైపు చూశాడు. లోపలికి వెళ్ళి మొదటి వరసలో బల్ల మీద రాయి చూసి వచ్చాడు. బుర్ర గోక్కున్నాడు. ముడిచిన వేలు విప్పేశాడు.

అప్పట్నించీ అక్కడ రెండు రాళ్ళు. ఒకటి లోపల బల్ల మీద, ఒకటి బయట మెట్టు మీద. తుడిచేవాళ్ళు చుట్టూ తుడుస్తారు. ఆ ఊళ్ళో ఎవరింట్లో మనిషి పోయినా, తర్వాతి ఆదివారం వచ్చి ఏ రాయినైనా ఒకసారి తాకి పోతారు. దొరలు వెళ్ళిపోయారు, ఓడలు వెళ్ళిపోయాయి, రాళ్ళు మాత్రం ఉన్నాయి.

మొన్నామధ్య పట్నం నుంచి ఒకాయన ఆ పాత గుడి చూద్దామని వెళ్ళాడు. బండల మీద పేర్లన్నీ చదివాడు, రంగు అద్దాలు చూశాడు, బయటికి వచ్చేసరికి ఎండ నిప్పులు చెరుగుతోంది. సంత కిటకిటలాడుతోంది. మెట్టు ఒక్కటే ఖాళీ, నీడ కూడా ఉంది. హమ్మయ్య అని రాయి పక్కకి జరిపి కూర్చోబోయాడు.

"బాబూ బాబూ, కూకోకు!" అంది పక్కన ఉప్పమ్మే ఆవిడ. "చోటున్నాది, మనిషొస్తాది."

"ఎవరమ్మా?"

"నాకేటి తెలుసు? మా అమ్మ ఉంచింది, నేనుంచాను."

ఆయనకి ఏమీ అర్థం కాలేదు. అయినా రాయి ఉన్నచోట పెట్టేసి, ఎండలోనే నిలబడ్డాడు.

అదీ కథ. ఇంక లేవండి. లేచేవాళ్ళు ఎవరి చోట్లో వాళ్ళు రాయి పెట్టుకుని మరీ లేవండి.